వద్దు వేరు, లేదు వేరు

మా ఆయనని ఏదైనా అడిగితే జవాబు రావడానికి నాలుగు సెకన్లు పడుతుంది. ఆలోచించుకోవడానికి కాదు, ఆయన బుర్ర ఎప్పుడూ చురుకే. ఆ నాలుగు సెకన్లూ టాబ్ తీసుకుంటుంది. ఒకసారి, ఆసుపత్రిలో, ఆ నాలుగు సెకన్లని అడ్డం పెట్టుకుని నేనొక పని చేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను.

ఏడు నెలల కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మాట పోయిందంటే మాటలు మర్చిపోయారని కాదు. నాలుక తిరగదు, అంతే. ఎడమ చేత్తో రాస్తే కోడి గీకినట్టు వస్తుంది, రాసిన మనిషే చూసి చించేస్తారు. పోనీ తలూపి చెప్పవచ్చు కదా అంటే, దానికీ అదృష్టం లేదు. ఆ జబ్బు తర్వాత ఆయన తల పొద్దస్తమానం సన్నగా అడ్డంగా ఊగుతూనే ఉంటుంది. చూసినవాళ్ళు ఈ పెద్దమనిషి లోకంలో దేనికీ ఒప్పుకోడు కాబోలు అనుకుంటారు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నాకు తెలిసినదీ ఇంచుమించు అదే గానీ, ఇప్పుడు ఆ ఊపుకి అర్థమంటూ లేదు.

అందుకని టాబ్ కొన్నాం. తెర మీద పెద్ద పెద్ద గడులు, గడికో మాట. చూపుడువేలితో ముట్టుకుంటే అది పైకి పలుకుతుంది. గడుల్లో లేని మాటైతే కింద అక్షరాలుంటాయి, ఒక్కొక్కటే కూర్చుకోవాలి.

దాన్ని ఎంచింది నేనే. మా మరిదికి ఫోన్లు బాగుచేసే పని, వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. షాపతను చవకది చూపించి, సినిమాలకీ పుస్తకాలకీ దీన్ని మించింది లేదన్నాడు. మరిది దాన్ని అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు.

"వద్దు వదినా. దీని ప్రాసెసర్ ఆరేళ్ళ నాటిది. కొన్న నాలుగు రోజులూ బాగానే ఉంటుంది. తర్వాత ఎద్దుబండే."

"మీ అన్నయ్య అరవై ఏళ్ళ నాటి మనిషి. ఆయనకి ఆరేళ్ళది కొత్తదే కదరా."

"ఆలస్యం అమృతం విషం అన్నారు."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు. రెండు మాటలు పలకడానికి పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకు?"

మరిది నా నోటికి జడిసి ఊరుకున్నాడు. కొనేశాం.

న్యాయం చెప్పుకోవాలంటే అది పనికిమాలిన సరుకేం కాదు. అక్షరాలు పెద్దవి చేసుకుని ఆయన గంటల తరబడి పుస్తకాలు చదువుకునేవారు. ఒకసారి ఛార్జింగ్ పెడితే రెండు రోజులు వచ్చేది. పలకడం దగ్గరే వచ్చింది తంటా. వేలు ముట్టుకున్నాక ఒకటి, రెండు, మూడు, నాలుగు, అప్పుడు పలికేది. ఈలోగా ఇంకో గడి ముట్టుకుంటే అది వరసలో నిలబడేది. ఒక్కోసారి మొత్తానికే బిగుసుకుపోయి, తెర మధ్య చిన్న చక్రం తిరిగి తిరిగి, ఆ తర్వాత ముట్టుకున్నవన్నీ ఒకదాని వెనక ఒకటి గడగడా కక్కేది. అదీ పద్దెనిమిదేళ్ళ పిల్ల గొంతుతో.

మొదటి వారం ఇంట్లో నవ్వులే నవ్వులు. నేనసలే గుక్క తిప్పుకోకుండా అడిగే మనిషిని. "టీ పెట్టనా? మాత్ర వేసుకున్నారా? మీ తమ్ముడొచ్చాడు, ఖాళీ లేదని పంపేయనా?" అని ఒక్క ఊపున అడిగితే, టీకి రావాల్సిన జవాబు తమ్ముడికి వచ్చేది. "అవును" అంది పిల్ల గొంతు. గుమ్మంలో మరిది చెప్పులు విప్పబోతూ ఆగిపోయాడు.

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒకటే అడగాలి. అడిగి, నోరు మూసుకుని, నాలుగు లెక్కపెట్టాలి. నిజం చెప్పొద్దూ, ఆయన జవాబు కోసం నేను ఆగడమన్నది మా కాపురంలో అదే మొదలు.

ఇంకో సంగతి చెప్పాలి. మరిది మొదట పెట్టిన గడుల్లో ఒప్పుకోవడానికి ‘అవును’, ఒప్పుకోకపోవడానికి ‘కాదు’, ఆ రెండే ఉండేవి. పక్కింటావిడ వచ్చి "భోంచేశారా అన్నయ్యగారూ" అంటే టాబ్ "కాదు" అంది. ఆవిడ నవ్వేసి వెళ్ళిపోయింది. ఈయన మొహం మాడిపోయింది. అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. ఒక వొత్తు తప్పినా అచ్చు ఆపించేవారని అక్కడ ‘అరసున్న’ అని పేరు పెట్టారు. ఆ రోజు అన్నం ముట్టలేదు. అరగంట కూర్చుని అక్షరాలు కూర్చారు: "భోంచేశారా అంటే కాదు అనేవాడికి తెలుగు రాదు." మర్నాడు మరిది వచ్చి కాదు, లేదు, వద్దు మూడు గడులు వేరువేరుగా పెట్టాకే మెతుకు లోపలికి పోయింది. ఆ మూడింట్లో ఒకదాని బదులు ఇంకోటి ఆయన వేలు ముట్టుకోగా నేను చూడలేదు. ఒక్కసారి కూడా లేదు.

ఇక ఆసుపత్రి. ఈ నెల మొదట్లో తల తిరుగుతోందని తీసుకెళితే పరీక్షలు చేశారు. మెడలో ఎడమవైపు రక్తనాళం మూసుకుపోతోందన్నారు. కోసి శుభ్రం చేస్తే మళ్ళీ పక్షవాతం రాకుండా చాలావరకు కాపాడవచ్చు. చేయకపోతే ఏడాదిలో రావచ్చు, ఎప్పటికీ రాకపోనూ వచ్చు. చేస్తే, వందమందిలో నలుగురికి ఆ బల్ల మీదే రావచ్చు. అలా వస్తే ఈసారి దెబ్బ తగిలేది మాటలు తెలిసే చోటికని సర్జన్ గారు వేలితో తన కణతని చూపించి చెప్పారు. ఎదురుగా అక్షరం ఉన్నా అది అక్షరమని తెలియదట.

నాకు తొంభై ఆరుగురు కనిపించారు. ఆయనకి ఆ నలుగురే కనిపించారు.

ముందురోజు సాయంత్రం వార్డులో అందరూ టీలు తాగుతుంటే మేమిద్దరం పోట్లాడుకున్నాం. నా వంతు చకచకా అయిపోయేది. ఆయన వంతుకి వేలు ఒక్కో అక్షరం వెతుక్కోవాలి.

"చదవలేకపోతే నేను మిగిలినట్టు కాదు" అని కూర్చారు.

"నాకు మిగులుతారు" అన్నాను.

నాలుగు లెక్కపెట్టాను. నలభై లెక్కపెట్టాను. టాబ్ పక్కన పెట్టేసి అటు తిరిగి పడుకున్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. రేపు సర్జన్ అడిగితే వద్దంటారని నాకు తెలిసిపోయింది.

పొద్దున్న ఎనిమిదిన్నరకి సర్జన్ గారు వచ్చారు, వెనక ఇద్దరు చిన్న డాక్టర్లు, ఒక సిస్టర్. చూడాల్సిన మంచాలు ఇంకా పదిహేనున్నాయి. ఆయన నిలబడిన తీరులోనే ఒక కాలు పక్క మంచం వైపు ఉంది.

"ఎలా ఉన్నారు? తల తిరగడం తగ్గిందా?" అన్నారు ఫైలు తిప్పుతూ.

మా ఆయన వేలు ‘అవును’ మీద పడింది. నేను చూశాను. ఒకటి. రెండు.

"రేపు పొద్దున్న థియేటర్ ఖాళీ ఉంది. ఆపరేషన్ పెట్టేద్దాం. మీకు ఇష్టమేగా?"

ఆయన వేలు పక్కకి జరిగి ‘వద్దు’ని గట్టిగా నొక్కింది.

"అవును" అంది పిల్ల గొంతు.

"మంచిది" అని సర్జన్ గారు ఫైల్లో రాసుకున్నారు. కలం ఆడిన చప్పుడు నాకు వినబడింది. తర్వాత నా వైపు తిరిగి, "మీకేమైనా అనుమానాలున్నాయా అమ్మా?" అన్నారు.

నేను నోరు తెరిచాను.

"వద్దు" అంది టాబ్.

సర్జన్ గారు నవ్వారు. "చూశారా, ఆయనకే అనుమానాల్లేవు. మీరు భయపడకండి. పదకొండింటికి సిస్టర్ ఫారం తెస్తుంది."

అనుమానాలున్నాయా అంటే ‘వద్దు’ అనే మనిషి కాదాయన. గొంతు కోసినా ‘లేదు’ అనో ‘లేవు’ అనో అంటారు. ఆ ‘వద్దు’ దేనికో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. చెప్పడానికి వ్యవధి లేదనడానికి వీల్లేదు, ఉంది. సర్జన్ గారు నా మొహంలోకే చూస్తున్నారు. "ఒక్క నిమిషం ఆగండి" అంటే ఆగేవారు.

తెరిచిన నోరు మూసుకున్నాను.

వాళ్ళు పక్క మంచానికి వెళ్ళారు. మా ఆయన వేలు పడుతూనే ఉంది, పడుతూనే ఉంది. తెర బిగుసుకుపోయి చక్రం తిరుగుతోంది. సర్జన్ గారు ఆ గదిలో మిగిలిన రెండు మంచాలూ చూసుకుని బయటికి వెళ్ళాక, తలుపు మూసుకున్నాక, అప్పుడు చక్రం ఆగింది.

"వద్దు. వద్దు. వద్దు. వద్దు. వద్దు."

ఎంత తియ్యటి గొంతో అది. పక్క మంచం వాళ్ళమ్మాయి తొంగి చూసి, "తాతగారికి ఏం వద్దట?" అని అడిగింది.

"ఏం లేదమ్మా, దీనికి ఛార్జింగ్ అయిపోయింది" అన్నాను.

సగానికి పైనే ఉంది ఛార్జింగ్. ఆయన ఒళ్ళోంచి టాబ్ తీసుకున్నాను. వేళ్ళతో అంచు పట్టుకున్నారు గానీ ఎడమ చెయ్యి ఒక్కటే, నా చేతులు రెండు. తీసుకెళ్ళి తలుపు పక్కనున్న ప్లగ్గులో పెట్టాను. మంచానికి అది పది అడుగులు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, నేనేం అబద్ధం చెప్పలేదు కదా, ఆయన ప్రాణం కోసమే కదా అని ఒకటికి పదిసార్లు అనుకున్నాను. నా వాదన నాకే రుచించలేదు. ఆయన నన్నే చూస్తున్నారు. కోపంగా చూస్తే తట్టుకునేదాన్ని, ఆ కోపం నాకు అలవాటే. అచ్చయిపోయిన పుస్తకంలో తప్పు దొరికినప్పుడు చూసినట్టు చూశారు. ఇక దిద్దడానికి వీల్లేదన్నట్టు.

మరిది ఫోన్ చేశాడు. "ఏమన్నాడు వదినా అన్నయ్య?"

"ఒప్పుకున్నారు."

"నిజంగానా? నిన్న ససేమిరా అన్నాడన్నావు."

"డాక్టరు గారు అడిగితే అవునన్నారు. నలుగురూ విన్నారు." నా గొంతు నాకే పరాయిగా ఉంది. పెట్టేశాను.

పదకొండింటికి పది నిమిషాలు ముందే సిస్టర్ ఫారం తెచ్చింది. చేతిలో నీలం సిరా పెట్టె కూడా ఉంది. చదివి వినిపించింది. ఈ ఆపరేషన్ గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పాము, రోగి తన ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నారు. కింద రోగి సంతకం లేదా వేలిముద్ర, దాని కింద దగ్గరివాళ్ళ సంతకం.

"తాతగారూ, ఎడమ బొటనవేలు ఇవ్వండి" అంది.

ఆయన పిడికిలి బిగించారు.

"వదులుగా పెట్టండి తాతగారూ. నొప్పేం ఉండదు, ఉత్త సిరా." పిల్ల మంచిదే. పని తొందరలో ఉంది. పిడికిలి విప్పబోయింది, రాలేదు. "నరాలు బిగుసుకున్నట్టున్నాయి. అమ్మా, మీరు కాస్త విప్పుతారా?"

విప్పడానికి నేను లేచాను. ఆ మాట దాచను. మంచం పక్కన వంగి ఆయన పిడికిలిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. చిటికెనవేలు లేపాను. దాని పక్క వేలు లేపాను. చెయ్యంతా చెమట. మూడో వేలు పట్టుకున్నాను. ఒంట్లో మిగిలిన బలమంతా ఆ వేలిలో పెట్టుకుని ఉన్నారాయన. ఊపిరి బుసలు కొడుతోంది. నేనూ బలం పెట్టాను. భార్యాభర్తలం, ముప్పై నాలుగేళ్ళ తర్వాత, ఒక వేలి కోసం పెనుగులాడుకుంటున్నాం.

ఉన్నట్టుండి ఆ చెయ్యి వదులైపోయింది. నేను గెలవలేదు, ఆయనే వదిలేశారు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. బొటనవేలు దానంతటదే నా అరచేతిలో పడి ఉంది. ఇక ఆ వేలు ఎవరు ఎక్కడ అద్దుకున్నా ఆయనకి పట్టదు.

సిస్టర్ సిరా పెట్టె మూత తీసింది.

"ఆగమ్మా" అన్నాను.

"ఏమైందమ్మా?"

"డాక్టరు గారిని పిలు."

"ఆయన ఓపీలో ఉన్నారు. మీరు సంతకం పెట్టేస్తే..."

"పిలవమన్నానా." గట్టిగానే అన్నాను. వార్డు వార్డంతా ఇటు తిరిగింది. తలుపు దగ్గరికి వెళ్ళి టాబ్ పీక్కొచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

సర్జన్ గారు వచ్చేసరికి పావుగంట పట్టింది. మొహం చిరాగ్గా ఉంది. "రేపటి చోటు మీరు వద్దంటే ఇంకొకరికి ఇవ్వాలి, ఆ సంగతి తెలుసుగా" అన్నారు వస్తూనే.

"తెలుసు. మళ్ళీ ఒక్కసారి అడగండి డాక్టరు గారూ. ఒక్క ప్రశ్నే. అడిగాక ఎవరూ మాట్లాడకూడదు."

ఆయన నన్ను వింతగా చూసి, మంచం మీదికి వంగారు. "ఆపరేషన్ మీకు ఇష్టమేనా?"

మా ఆయన నా వైపు చూశారు. నేను చూపు తప్పించలేదు. వేలు లేచింది, దిగింది. ఒకటి. సర్జన్ గారు నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాను. రెండు. సిస్టర్ ఊపిరి బిగబట్టింది. మూడు. ‘సరే’ అనకూడదా, ఒక్కసారి నా మాట వినకూడదా అని నా లోపల ఇంకా ఎవరో వేడుకుంటున్నారు. నాలుగు.

"వద్దు."

సర్జన్ గారు నిటారుగా నిలబడ్డారు. "పొద్దున్న అవునన్నారే?"

"ఆ అవును తల తిరగడం తగ్గిందా అన్నదానికండీ. ఇది ఆలస్యంగా పలుకుతుంది. నన్ను అనుమానాలున్నాయా అని అడిగినప్పుడు వచ్చిందే, ఆ వద్దు, అదీ ఆపరేషన్‌కి జవాబు."

"మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నాకు ఈ మనిషి కావాలి డాక్టరు గారూ. ఎలా ఉన్నా సరే, కావాలి. అందుకని చెప్పలేదు."

సర్జన్ గారు ఒళ్ళో ఉన్న టాబ్ వైపు చూసి నెమ్మదిగా, "ఇంత నిదానమైతే ఎలా అమ్మా? ఇలాంటి పనికి మంచిది కొనుక్కోవాలి కదా" అన్నారు.

"కొంటాం. చవకని కొన్నాను, నా తప్పే. కానీ పొద్దున్న జరిగిందానికి దాన్ని అనకండి. మీరు నాలుగు సెకన్లు ఆగలేదు. నేను ఆగి, విని, నోరు మూసుకున్నాను. అది మాత్రం ఆయన చెప్పిందే చెప్పింది."

ఆయనకి ఆ మాట తగిలిందో లేదో గానీ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఎందుకు వద్దనుకుంటున్నారు?" అని మా ఆయన్నే అడిగారు. వేలు అక్షరాల మీదికి వెళ్ళింది. ఒకటి కూర్చగానే తెర బిగుసుకుపోయింది. చక్రం తిరుగుతోంది. సర్జన్ గారు గడియారం చూడలేదు గానీ, చూడకుండా ఉండడానికి కష్టపడుతున్నారని తెలుస్తూనే ఉంది. మా ఆయన తెర మీంచి వేలు తీసి నా వైపు చూపించారు.

చెప్పాల్సింది నేను. నేను ఒప్పుకోని మాటని నా నోటితో నేనే చెప్పాలి.

"ఆయన ముప్పై ఏళ్ళు అక్షరాలు దిద్దారండీ" అన్నాను. "మాట పోయింది, చెయ్యి పోయింది, అయినా చదువుకుంటున్నారు. ఆ నలుగురిలో తానైతే చదవడం కూడా పోతుంది. అప్పుడు తను మిగిలినట్టు కాదంటున్నారు. మళ్ళీ పక్షవాతం రావచ్చని ఆయనకి తెలుసు. తెలిసే అంటున్నారు." దుప్పటి సర్దుతూనే మిగతాదీ చెప్పాను. "మందులతో ఎన్నాళ్ళు నెట్టుకురాగలిగితే అన్నాళ్ళు. అంతే ఆయన అడిగేది."

సర్జన్ గారు ఆయన్ని చూశారు. నాలుగు లెక్కపెట్టేంతసేపు ఊరికే కూర్చున్నారు. తర్వాత మందులు మారుస్తానని, నెలకోసారి రమ్మని చెప్పి, సిస్టర్‌తో వేరే ఫారం తెమ్మన్నారు. ఆపరేషన్ వద్దన్నట్టు రాసి ఇవ్వాలట. రోగి తరఫున నేను కూడా సంతకం పెట్టాలట.

ఆయన బొటనవేలు తానే చాచి ఇచ్చారు. దాని కింద నేను పెట్టాను సంతకం. రోజూ పెట్టే సంతకమే, రెండో అక్షరం దగ్గర కలం ఆగిపోతే మళ్ళీ దిద్దుకోవాల్సి వచ్చింది. ఇంత కోపం ఆయన మీద నాకు ఎప్పుడూ రాలేదు. కూర్చోబెట్టి కడిగేద్దామనుకున్నాను.

అందరూ వెళ్ళాక కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకున్నాను. కడగడానికి నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఏమండీ, భయంగా ఉందా?"

వేలు గడుల మీద కదిలి ఒకదాని మీద ఆగింది. నేను లెక్కపెట్టలేదు. ఎంతసేపైనా కూర్చుందామనుకున్నాను.

"ఉంది" అంది టాబ్.

ఆ చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. బొటనవేలికి సిరా ఇంకా ఆరలేదు.

"నాకూ ఉంది" అన్నాను.